అడుగును అడుగు

నాయనా,

రేపు నీవు సముద్రం మీద పనికి బయలుదేరుతున్నావు. చదువు ముగిసింది, పట్టా చేతికి వచ్చింది, లెక్కలు నాకంటె నీకే బాగా వచ్చు. అందుచేత లెక్కలు చెప్పబోను. లెక్క ఎక్కడ మొదలుకావాలో, ఎక్కడ తల వంచాలో, ఆ ఒక్కటీ చెబుతాను. కూర్చుని విను.

మన భాషలో ‘అడుగు’ అనే మాటను ఎప్పుడైనా నిదానించి చూశావా? కింది తలం అడుగు. పాదం వేసేది అడుగు. కొలిచేది అడుగు. తెలియనిదాన్ని తెలిసినవారి దగ్గర వినయంగా కోరమని చెప్పేదీ అడుగే. నేల మీద ఇల్లు కట్టేవాడికి ఈ అర్థాలు నాలుగు దారుల్లో పోయినా పని గడుస్తుంది. సముద్రంలో కట్టేవాడికి నాలుగూ ఒకచోట కలవాలి. అడుగు వేసే ముందు అడుగును అడుగు. నా జీవితమంతా వడపోస్తే మిగిలిన మాట ఇదే.

పూర్వం ఓడవాళ్ళు సీసపు గుండుకు తాడు కట్టి నీళ్ళలోకి దించేవారు. గుండు అడుగుభాగాన చిన్న గుంట ఉండేది. అందులో కొవ్వు మెత్తేవారు. తాడు లోతు చెప్పేది. కొవ్వుకు అంటుకొని వచ్చిన ఇసుకో, బురదో, గుల్లముక్కో అడుగు గుణం చెప్పేది. పొగమంచులో దారి తప్పిన ఓడ ఆ చిటికెడు మట్టిని చూసి తానున్న చోటు తెలుసుకునేది. నేడు నీ చేతిలో శబ్దతరంగాలతో అడుగును గీసి చూపే యంత్రాలున్నాయి, పొర చెదరకుండా మట్టిని పైకి తెచ్చే గొట్టాలున్నాయి. పరికరం మారినంత మాత్రాన ధర్మం మారదు. నీవు దించిన గుండు ఏది తెస్తే దాన్ని నమ్మడం, తేనిదాన్ని ఊహించి రాయకపోవడం, ఆనాటి సరంగుకూ ఈనాటి ఇంజనీరుకూ ఒకటే నియమం.

సేతువు అనగానే లోకం నలుణ్ణి తలుస్తుంది. నీవు అంతకుముందు జరిగినది తలచుకో. మూడు రాత్రులు దర్భల మీద పడుకొని సముద్రుణ్ణి దారి అడిగాడు రాముడు. సముద్రుడు పలకలేదని కోపించి విల్లు ఎత్తినవాడూ ఆయనే. అయినా పని ముడివిడింది బాణంతో కాదు. సముద్రుడు వచ్చి తన స్వభావం ఇదీ అని చెప్పి, కట్టగలవాణ్ణి చూపాకనే. అవతారపురుషుడికే తప్పని అడగడం నీకు నామోషీ కాకూడదు.

ఇక మొదటి మాట. సముద్రం అడుగును నేల అని భ్రమపడకు. కొన్నిచోట్ల అది రాయి, కొన్నిచోట్ల ఇసుక, కొన్నిచోట్ల చూపుకు నేల, గుణానికి గంజి. నదులు కొండల్ని అరగదీసి తెచ్చి మొగల దగ్గర కుమ్మరిస్తాయి. ఒండ్రు మీద ఒండ్రు పడుతుంది. కింది పొరలోని నీరు బయటికి పోయే వ్యవధి దొరకదు. పైబరువును మట్టిరేణువులు మోయవలసింది పోయి ఆ చిక్కుకున్న నీరు మోస్తూ ఉంటుంది. కుళ్ళిన ఆకూ అలమూ అందులో వాయువై బుడగలు కడతాయి. అలాంటి వాలు మీద తుఫాను అలలు ఊగితే, వాటి ఒత్తిడి లోతుకు దిగి, అడుగంతా ఒక్కసారిగా కదిలిపోతుంది.

1969 ఆగస్టులో కమీల్ తుఫాను వచ్చినప్పుడు అమెరికాలో మిసిసిపీ నది మొగ ముందు ఇదే జరిగింది. సుమారు 100 మీటర్ల లోతు నీటిలో నిలిపిన చమురు ప్లాట్‌ఫారం ఒకటి పక్కకు ఒరిగి కూలింది. గాలిని లెక్కగట్టారు, అలను లెక్కగట్టారు. కాళ్ళ కింది బురద నడుస్తుందని తలచలేదు. ఆ పాఠం పుస్తకాలకు ఎక్కింది. అయినా 2004లో ఐవాన్ తుఫానుకు అదే మొగ ముందు మరొక ప్లాట్‌ఫారం బురదజారుకు కూలి, దాని చమురు బావులు మట్టి కింద పూడుకుపోయాయి. అక్కడినుంచి ఊరే చమురును ఒడిసిపట్టే ఏర్పాటు కుదిరేసరికి 2019 వచ్చింది. ఒక్క రాత్రి జారిన బురద పదిహేనేళ్ళు కడలిని మైలపరచింది. ఇది పరదేశపు కథ అని పక్కన పెట్టకు. గోదావరి, కృష్ణ మొగలనుంచి బంగాళాఖాతంలోకి దిగే వాలు కూడా నదులు పోసిన ఒండ్రే. 2006లో మన దేశపు పరిశోధన యాత్ర కృష్ణా–గోదావరి బేసిన్‌లో తవ్వి చూస్తే, పగుళ్ళు పట్టిన బంకమట్టిలో గడ్డకట్టిన మీథేన్ వాయువు 128 మీటర్ల మందాన కనిపించింది. లోతులోని చలీ ఒత్తిడీ ఆ వాయువును నీటితో కలిపి మంచులా పట్టి ఉంచుతున్నాయి. వేడి తగిలితే, ఒత్తిడి తగ్గితే ఆ మంచు విడిపోతుంది, అది పట్టి ఉంచిన మట్టి పట్టు సడలుతుంది. లోకం దాన్ని నిధి అంటుంది. నీవు నిధి అనే ముందు దాన్ని మూతగా చూడు. మూత ఎందుకు ఉన్నదో తెలిసేదాకా చెయ్యి వేయకు.

రెండో మాట. అడిగాక జవాబు వచ్చేదాకా కాచుకో. 1929 నవంబరు 18న కెనడా తూర్పు తీరాన గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చింది. సముద్రం అడుగున పరిచిన తంతి తీగలు పన్నెండు తెగాయి. కొన్ని భూకంపంతోపాటే తెగాయి. లోతుకు పోయేకొద్దీ మిగిలినవి వరసగా, గంటల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. ఏ తీగ ఎన్ని గంటలకు మూగబోయిందో పుస్తకాల్లో నమోదై ఉంది. అంటే అడుగు తన కథను గడియలతో సహా చెప్పింది. కొండచరియలాగ జారిన మట్టి నీటితో కలిసి వరదై, అడుగు వెంట వందల కిలోమీటర్లు పరుగెత్తి తీగలను తెంచుకుంటూ పోయిందని హీజెన్, ఈవింగ్ అనే శాస్త్రజ్ఞులు 1952లో విప్పి చెప్పేదాకా ఆ అంకెల అర్థం ఎవరికీ పట్టలేదు. చెప్పినది ఇరవైమూడేళ్ళు అలాగే పడి ఉంది, అడిగేవాడు లేక.

ఓర్పుతో అడిగినవారి సంగతి కూడా చెప్పాలి. నార్వే తీరాన స్టోరెగ్గా అనే చోట ఎనిమిది వేల ఏళ్ళకు పూర్వం సముద్రపు అడుగు దాదాపు 3,000 ఘన కిలోమీటర్ల మేర జారిపోయింది. ఆనాటి సునామీ తెచ్చిన ఇసుక స్కాట్లండ్ తీరపు మట్టిలో ఇప్పటికీ ఒక పొరగా కనిపిస్తుంది. సరిగ్గా ఆ జారుడు మచ్చలోనే 1997లో ఓర్మెన్ లాంగె అనే వాయు నిక్షేపం దొరికింది. వెంటనే బావులు దించలేదు. ఈ వాలు మళ్ళీ జారుతుందా, మన తవ్వకం దాన్ని రెచ్చగొడుతుందా అని ఏళ్ళతరబడి మట్టి తీసి, పొరలు చదివి, చరిత్ర కట్టారు. హిమయుగంలో మంచుపలకలు మెత్తని బంకమట్టి మీద హడావుడిగా కుప్పపోసిన బరువే ఆనాటి జారుడుకు మూలమనీ, అలాంటి మరో హిమయుగం గడిస్తే తప్ప అంతటి బరువు అక్కడ మళ్ళీ పేరదనీ తేలాక పని సాగించారు. 2007లో వాయువు వచ్చింది. పదేళ్ళు పోయాయని నీవు అనకు. ఎదురుగా ఉన్న తీరాల్లో పడుకునే జనం నిద్రకు అది చెల్లించిన వెల.

మూడో మాట. నీవు పెట్టిన బరువుకూ, తీసిన బరువుకూ అడుగు జవాబు చెప్పి తీరుతుంది. జపానులో ఒసాకా అఖాతం మధ్య మట్టి పోసి దీవి చేసి, దాని మీద కాన్సాయ్ విమానాశ్రయాన్ని 1994లో తెరిచారు. పై బంకమట్టిలోని నీరు పోవడానికి పది లక్షల ఇసుక స్తంభాలు దించారు. ఆ పొర అనుకున్నట్టే అణిగింది. దాని కింద, స్తంభాలు అందని లోతున ఉన్న పాత బంకమట్టి మాత్రం తన తీరున తాను దిగుతూనే ఉంది. పని మొదలైననాటినుంచి దీవి పది మీటర్లకు మించి కుంగింది. అయితే ఆ కట్టినవారి వివేకం ఒకటి చూడు. కుంగుతుందని ముందే ఒప్పుకున్నారు. భవనం స్తంభాల కింద జాకీలు పెట్టి ఎత్తుకునే వీలు ఉంచారు. తప్పు జరగదని ప్రతిజ్ఞ చేసేవాడికంటె, జరిగితే దిద్దుకునే చోటు ముందే వదిలిపెట్టేవాడు పెద్దవాడు.

ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ అనే చమురు క్షేత్రం కథ దీనికి తిరగేసినది. అక్కడ చమురు సున్నపు రాతి రంధ్రాల్లో ఉంది. చమురు బయటికి తీసేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గి, పైనున్న పొరల బరువు రాతి మీద పడి, అది నలిగింది. అడుగు కుంగుతోందని 1984లో గుర్తించారు. అప్పటికే మీటర్ల లెక్కన దిగిపోయింది. 1987లో ప్లాట్‌ఫారాలను కాళ్ళకాడ కోసి ఒక్కసారిగా ఆరు మీటర్లు పైకెత్తవలసి వచ్చింది. ఒత్తిడి నిలపడానికి నీరు ఎక్కిస్తే, ఆ నీటికే సున్నపురాయి మరింత మెత్తబడి కుంగుడు సాగింది. కుండలో గంజి వార్చుకున్నవాడు కుండ తేలికైందని సంతోషిస్తాడు. భూమి కుండ వంటిది కాదు. లోపలిది తీస్తే పైది దిగుతుంది.

నాలుగో మాట అన్నిటికంటె బరువైనది, జాగ్రత్తగా విను. అడగడం తెలియక చెడినవారు కొందరు. అడిగి, జవాబు విని, ఆ జవాబును తమకు అనుకూలంగా తిప్పుకొని చెడినవారు మరికొందరు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు పేలింది. 1,500 మీటర్ల నీటి కింద తవ్విన బావి అది. బావి బిగువుగా ఉన్నదా లేదా అని ఆనాడే ఒత్తిడి పరీక్ష చేశారు. గొట్టంలో ఒత్తిడి పెరిగి చూపింది. బావి బిగువుగా లేదని దాని అర్థం. ఆ పెరుగుదలకు వేరే కారణం ఏదో కల్పించుకున్నారు. మరో గొట్టంలో పరీక్ష చేసి, నచ్చిన ఫలితాన్ని పట్టుకొని ముందుకు నడిచారు. ఆ రాత్రి పదకొండుమంది తిరిగి రాలేదు. బావి మూతపడడానికి 87 రోజులు పట్టింది. అంతకు పదిహేనేళ్ళ ముందు, 1995 జనవరిలో మన కోనసీమ పాశర్లపూడిలో నేల మీద తవ్విన బావే ఎగజిమ్మి, మంట రెండు నెలలకు పైగా ఆకాశాన్ని కాల్చింది. ఊళ్ళు ఖాళీ చేసి పోయిన జనం ఆ వేడిని ఇంకా మరువలేదు. నేల మీద, దారి ఉన్నచోట, నీళ్ళు అందేచోట అన్నాళ్ళు పట్టిందంటే, మనిషి దిగలేని లోతున బావి తిరగబడితే ఏమవుతుందో నీవే ఆలోచించు.

కొలత చెప్పినది నీకు నచ్చని రోజు తప్పక వస్తుంది. రోజుకు ఇంత అద్దె అని రిగ్గు ఖర్చు తరుముతూ ఉంటుంది. పైవాడు గడియారం చూస్తూ ఉంటాడు. తోటివాడు ‘ఏం కాదులే’ అంటాడు. ఆ ‘ఏం కాదులే’ అనే మాట సముద్రం మీద ఎన్ని ప్రాణాలు తిన్నదో లెక్క లేదు. ఆనాడు నీవు ‘ఆపండి’ అనగలగాలి. అన్నందుకు ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగం పోయినవాడికి మరొకటి దొరుకుతుంది. ఆగని పనికి బలైనవాడి ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పడానికి నీకు మాట దొరకదు.

అయిదో మాట. సముద్రంలో నీవు కట్టే ప్రతి గోడకూ అవతల ఒక ఊరుంటుంది. మన తూర్పు తీరాన ఇసుక నిలకడగా పడి ఉండేది కాదు, నడిచేది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల్లో కొంత దక్షిణానికి, మొత్తం మీద ఉత్తరానికే ఏటా లక్షల ఘన మీటర్ల ఇసుక అలల వెంట సాగుతూ ఉంటుంది. తీరమంటే ఆ బాటసారుల సత్రం. చెన్నపట్నంలో 1876లో రేవు గోడలు మొదలుపెట్టారు. 1881 తుఫాను వాటిని విరగ్గొట్టింది. మళ్ళీ కట్టారు. గోడకు దక్షిణాన ఆగిపోయిన ఇసుక పేరుకొని మెరీనా విశాలమైంది. పట్నం సంతోషించింది. ఉత్తరాన రాయపురం వైపు, రావలసిన ఇసుక రాక, తీరం కోసుకుపోయింది. జాలరుల గుడిసెలు కడలిపాలయ్యాయి. ఒకరి వినోదానికి వచ్చిన ఇసుక మరొకరి వాకిట్లోది.

విశాఖలో ఓడరేవు 1933లో తెరుచుకుంది. ప్రవేశమార్గాన్ని కాపాడడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపారు. ఆ తర్వాత బయటి రేవు గోడలు వచ్చాయి. ఇక్కడా ఇసుక ఆగింది. అయితే ఆగిన ఇసుకను తవ్వి, గొట్టాల వెంట నగరపు బీచికి చేర్చే ఆనవాయితీ పెట్టుకున్నారు. అది దయ అనుకోకు, అప్పు. గోడ ఉన్నన్నాళ్ళూ తీర్చవలసిన అప్పు. ఒక ఏడు ఎగ్గొడితే కడలి వచ్చి రోడ్డు అంచున కూర్చొని అడుగుతుంది. నీవు గోడ గీసిన కాగితం మీదే, ఆ గోడ ఆపే ఇసుక ఎవరిదో, దాన్ని ఎవరు, ఎన్నేళ్ళు, ఏ డబ్బుతో దాటిస్తారో కూడా రాయి. ఆ పంక్తి లేని పటం మీద సంతకం చేయకు.

ఇసుకకు పుట్టిల్లు నది. గోదావరి మీద 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టాడు. డెల్టా అన్నం తిన్నది, ఇప్పటికీ ఆయన విగ్రహానికి దండ వేస్తుంది. అటుపిమ్మట ఎగువన జలాశయాలు వరసగా వచ్చాయి. వాటిలో ఒండ్రు నిలిచిపోయి మొగకు చేరేది తగ్గింది. మట్టి అందని డెల్టా అంచు కోతకు లోనవుతోంది. చేసినవాడు చెడ్డవాడు కానక్కరలేదు. మేలు చేసిన చేతికీ నీడ ఉంటుంది. ఉప్పాడలో తుఫాను వచ్చినప్పుడల్లా రోడ్డు తెగిపోతుంది. అక్కడ ఇల్లు పోయిన ముసలిదాన్ని అడుగు, కడలి ఏటికేడు ఎన్ని బారలు లోపలికి వచ్చిందో. ఏ యంత్రమూ గుర్తుపెట్టుకోని పటం ఆమె కళ్ళలో ఉంటుంది. వల ఎక్కడ తగులుకుంటుందో, ఏ మాసంలో మొగ ఎటు తిరుగుతుందో తాతలనాటినుంచి తెలిసిన జాలరి దగ్గర చాపమీద కూర్చోవడానికి నీ పట్టా నీకు అడ్డు రాకూడదు.

ఆరో మాట. మాట్లాడలేనివాటి తరఫున కూడా నీవే అడగాలి. హోప్ ఐలండ్ వంటి మన తీరాల ఇసుకలో చలికాలం తర్వాత తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్డు చీల్చుకొని బయటపడి, వెలుగున్న దిక్కే సముద్రమని నమ్మి నడుస్తాయి. నీ రేవు దీపాలు ఆ నమ్మకాన్ని వంచిస్తాయి. దీపాన్ని కిందికి వంచితే సరిపోయేదానికి ఒక జాతిని దారి తప్పించకు.

ఇంకా లోతుకు దిగుదాం. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర లోహపు ముద్దలను అన్వేషించే హక్కు మన దేశానికి ఉంది. ముగ్గురిని ఆరువేల మీటర్ల లోతుకు తీసుకుపోయే మత్స్య–6000 అనే జలాంతర్వాహనాన్ని మనవాళ్ళు సిద్ధం చేస్తున్నారు. గర్వించవలసిందే. అయితే ఒకటి గుర్తుంచుకో. ఆ ముద్ద కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్ళు పడుతుంది. 1989లో పెరూ ఎదుట, నాలుగు వేల మీటర్ల లోతున జర్మన్ శాస్త్రజ్ఞులు కావాలనే అడుగును నాగలి వంటి పరికరంతో దున్ని వదిలిపెట్టారు, గాయం ఎన్నాళ్ళకు మానుతుందో చూద్దామని. 2015లో తిరిగి వెళ్ళి చూస్తే చాళ్ళు అలాగే ఉన్నాయి. చెదిరిన జీవులు పూర్తిగా తిరిగి రాలేదు. మన పొలంలో చాలు ఒక వానకు మాసిపోతుంది. అక్కడ ఇరవయ్యారేళ్ళూ ఒక పూటే. మూడడుగులే కదా అని ధారపోసిన బలిచక్రవర్తికి ఆ అడుగు ఎంతదో తరవాత తెలిసింది. చిన్న ముక్క తవ్వుకుంటామని అడిగేవాడికీ, సరేనని ఇచ్చేవాడికీ ఆ కథ చాలు.

ఇన్ని విన్నాక, అయితే కట్టవద్దా అని అడుగుతావు. కట్టు నాయనా. చేతులు ముడుచుకుంటే ధర్మం నెరవేరదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ఊడ్చుకుపోయిన నాడు వేలమంది పోయింది ఎవరో ఏదో కట్టినందుకు కాదు. కట్టవలసినవి, చెప్పవలసినవి సరిగా లేనందుకు. 2004 సునామీ మన తీరాన్ని తాకిన తర్వాత, 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది. కడలి అడుగున కూర్చొని, పైనున్న నీటి బరువులో వచ్చే రవంత తేడాను కొలిచి, మీదనున్న తెప్పకు చెప్పే పరికరాల కబురు దానికి అందుతుంది. సముద్రం కానరాని ఊళ్ళో కూర్చొని కొందరు రాత్రింబవళ్ళు అడుగు చెప్పేది వింటున్నారు. అదీ సముద్ర నిర్మాణమే. దేన్నీ ఆపకుండా, దేన్నీ తవ్వకుండా, వినడానికే పెట్టినది. నీవు ఏది కట్టినా అందులో ఈ గుణం కొంత ఉండాలి.

పొద్దుపోయింది, ముగిస్తాను. ఆ సీసపు గుండు సంగతి ఒకటి చెప్పక మిగిలింది. అప్పుడప్పుడు కొవ్వు ఏ మట్టీ అంటకుండా, నున్నగా పైకి వచ్చేది. తెలియనివాడు అడుగున ఏమీ లేదనుకునేవాడు. తెలిసిన సరంగు ఆ కొవ్వును దీపం దగ్గర పట్టుకొని, దాని మీది నొక్కును వేలితో తడిమి, కింద గట్టిరాయి ఉండవచ్చునని గ్రహించి, పడవను నిదానించమని చెప్పి, గుండును మళ్ళీ దించేవాడు. నీకూ అలాంటి ఖాళీ జవాబులు వస్తాయి. ఆ రాత్రి తొందరపడకు. దీపం దగ్గరికి తీసుకో, వేలితో తడుము, మళ్ళీ దించు. అంటినది అంటినట్టు పుస్తకంలో రాయి. అంటకపోతే అంటలేదని రాయి.

వెళ్ళిరా నాయనా. అడుగు చూసి వెయ్యి.